అరువు అంపైర్

రెండో అంపైర్ రాలేదు.

జ్వరమని పొద్దున్నే కబురు పంపాడు. ఇద్దరు అంపైర్లు లేకపోతే ఆట జరగదు. ఆట జరగకపోతే కప్పు కిందటేడు గెలిచిన బెర్బీస్ అమ్మాయిల దగ్గరే ఉండిపోతుంది.

జార్జ్‌టౌన్ కాలేజీ కెప్టెన్ యోనెట్‌కి చదువులో ఇది ఆఖరి ఏడాది. ఆ కప్పును ఆమె ఇంతవరకూ దూరం నుంచి చూడడమే తప్ప చేత్తో తాకలేదు.

"అంపైరింగ్ తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అని మెట్ల మీద కూర్చున్న జనం వైపు తిరిగి అరిచింది.

ఒక నడివయసు ఆవిడ లేచి నిలబడింది. ఒళ్ళో ఉన్న రేకు డబ్బాను చంకలో పెట్టుకుంది.

"నాకు తెలుసు. మా ఊరి బడి పిల్లల ఆటలకి నేనే నిలబడతాను."

బెర్బీస్ కెప్టెన్ డియాన్ పకపకా నవ్వింది.

"ఈ ఆంటీయా! మహైకా దగ్గర మా బస్సెక్కింది. దారి పొడుగునా ఆ డబ్బాలోంచి అనాసపండు కూరిన టార్టుల వాసన. ఎంత బతిమాలినా ఒక్కటి పెట్టలేదు. సరే, నిలబడనీ. మాకేం అభ్యంతరం లేదు."

"ఎందుకుంటుంది? వాళ్ళ బస్సులో వచ్చింది, వాళ్ళ మనిషే," అని జార్జ్‌టౌన్ కీపర్ టండీకా గొణిగింది.

"అది కాదు కెప్టెన్..." ఈ ఏడే జట్టులో చేరిన ఓనీకా ఏదో చెప్పబోయింది.

"ఏదీ కాదు," అని యోనెట్ అడ్డుకుంది. "కప్పు కావాలా వద్దా? మనిషి నిలబడితే చాలు. పో, నీ ప్యాడ్లు ఎక్కడున్నాయో చూసుకో."

ఓనీకా ఆవిడ వంక చూసింది. ఆవిడ అప్పటికే అటు తిరిగి తెల్ల కోటు గుండీలు పెట్టుకుంటోంది.

ముందు బెర్బీస్ ఆడింది. తర్వాత జార్జ్‌టౌన్.

పొద్దు వాలే వేళకి మూడు పరుగులు కావాలి. మిగిలింది ఒక్క వికెట్. ఒక కొసన యోనెట్ ఉంది. రెండో కొసకి ఓనీకా వచ్చింది.

"గార్డ్ ఏ స్టంప్ మీద కావాలి, బ్యాటర్?" అని అడిగింది అంపైర్.

"మిడిల్, అంపైర్." ఓనీకా బ్యాట్‌ని రెండు చేతులా బిగించి పట్టుకుంది.

"భయపడకే పిల్లా," అంది యోనెట్. "బంతిని అడ్డుకో చాలు. పై ఓవర్ నేను చూసుకుంటా."

ఓనీకా ఒక బంతిని అడ్డుకుంది. ఇంకొకటి అడ్డుకుంది.

ఆ తర్వాతి బంతి ఎగిరి, ఆమె చేతుల పక్కగా వెళ్ళి కీపర్ చేతిలో పడింది. బెర్బీస్ అమ్మాయిలంతా ఒక్కసారిగా అరిచారు.

యోనెట్‌కి ఏ చప్పుడూ వినబడలేదు.

ఓనీకా కదల్లేదు. అంపైర్‌నే చూస్తూ నిలబడింది.

ఆవిడ ఒక్క క్షణం ఓనీకా వంక చూసింది. వేలెత్తింది.

కప్పు పోయింది.

"కళ్ళద్దాలు కొనుక్కో ఆంటీ!" అని మెట్ల మీంచి ఎవరో కేకేశారు.

"తిరుగు బస్సు కూడా ఉచితమేగా!" అని ఇంకొకరు అందుకున్నారు.

యోనెట్ ఆవిడకి ఎదురుగా వెళ్ళి నిలబడింది. "బాగా పనికొచ్చావు ఆంటీ, నీ వాళ్ళకి."

"తగిలిందమ్మా," అంది ఆవిడ. కోటు విప్పి, మడత పెట్టి ఇచ్చేసింది. మెట్ల దగ్గర ఒక్క నిమిషం ఆగింది. వచ్చిన బస్సే ఎక్కింది.

డియాన్ కప్పుతో వెళుతూ ఆగింది.

"యోనెట్, మా అప్పీళ్ళు రెండింటికి ఆ ఆంటీ అడ్డంగా తల ఊపింది. మా మనిషే అయితే ఆట అప్పుడే అయిపోయేది."

యోనెట్ విసురుగా ఓనీకా దగ్గరికి నడిచింది.

"నిజం చెప్పు. తగిలిందా?"

"తగిలింది కెప్టెన్. గ్లవ్ అంచుకి."

"మరి వచ్చేయక అక్కడే ఎందుకు నిలబడ్డావే?"

"వేలెత్తుతుందో లేదో చూద్దామని."

యోనెట్ గిరుక్కున తిరిగి గేటు వైపు పరుగెత్తింది. బస్సు కాలవ వంతెన దాటిపోయింది. దుమ్ము మాత్రం మిగిలింది.

కాళ్ళీడ్చుకుంటూ తిరిగి వచ్చేసరికి ఓనీకా మెట్ల మీద కూర్చుని ఉంది. ఒళ్ళో రేకు డబ్బా. చేతిలో కొరికిన టార్టు.

"ఏయ్, అది ఆ ఆంటీది కదే! బస్సులో తెచ్చిన వాళ్ళకే ఒక్కటి పెట్టలేదు, నువ్వెలా తింటున్నావు?"

ఓనీకా డబ్బాను ఆమె ముందుకి జరిపింది. కళ్ళు తడిగా ఉన్నాయి. తల మాత్రం నిటారుగా ఉంది.

"తీసుకో కెప్టెన్. పొద్దున చెప్పబోతే నువ్వే చెప్పనివ్వలేదు. పెరట్లో ఆడుకునేటప్పుడూ ఇంతే, మా అమ్మ నన్ను ఒక్కసారైనా వదిలిపెట్టలేదు."