అట్ట మీద ముగ్గురు

ఆ శనివారం డెట్రాయిట్‌లో రికార్డుల కొట్టు ముందు వీధి చివరిదాకా జనం. అక్కచెల్లెళ్ళమన్న పేరుతో ముగ్గురం కూర్చుని మా మొదటి పాటల రికార్డు అట్టల మీద సంతకాలు చేస్తున్నాం.

తలెత్తితే ఎదురుగా మా పెద్దక్క వెర్డెల్, చంకలో పిల్లతో.

పెళ్ళి కాకుండానే కడుపని తెలియగానే రికార్డు కంపెనీ అక్కను తప్పించింది. చర్చికి వెళ్ళే ఇళ్ళల్లో మా రికార్డు కొనరట. అట్ట మీది ఫొటోలో ఎవరో అమ్మాయిని నిలబెట్టి, మా పెద్దక్క అని రాశారు. ఆ అమ్మాయి నా పక్కనే కూర్చుంది. మా గురించి రాయడానికొచ్చిన పత్రికాయన మా వెనకే ఉన్నాడు.

"ఎవరి పేరు రాయమంటారండీ?" అన్నాను.

అక్క నా వంక చూసింది. "మా పాప పేరు రాయండి. ఒపాలీన్."

అది నా పేరే. పైన పాపకోసం ఒకసారి, కింద సంతకంగా ఒకసారి రాశాను.

"ఇంత పిల్ల కూడా పాటలు వింటుందా?" అని పత్రికాయన వేళాకోళమాడాడు.

"ఈ పాట పెడితేగానీ నిద్రపోదండి. వాళ్ళమ్మే పాడుతోందనుకుంటుంది, పిచ్చిమొహం," అంది అక్క.

ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను.

ఆ రికార్డులో ముందుండి పాడిన గొంతు అక్కదే. మేం వంత పాడామంతే.