బయటికొచ్చే ఏడు దారులు

"ఈ కోడ్ రాసిన మహానుభావుడు ఎక్కడున్నాడో గానీ, కనిపిస్తే ముందు దణ్ణం పెట్టి, తర్వాత దులిపేస్తాను," అంది చిట్టి, లాప్‌టాప్ మీంచి తలెత్తకుండానే.

"కాస్త మెల్లిగా దులుపు. పాపం, ఏ తొందరలో రాశారో," అంది ఎదురుగా కూర్చుని బట్టలు మడతపెడుతున్న అమ్మ.

చిట్టికి ఒళ్ళు మండింది. కంప్యూటర్‌కి గుండెకాయలాంటి ప్రోగ్రాం కెర్నెల్. మిగతా ప్రోగ్రాములు దేనికైనా దాని లోపలికెళ్ళి, పని చేయించుకుని బయటికి రావాలి. అలా రావడానికి పాతికేళ్ళ కిందట ఎవరో ఏడు దారులు పెట్టారు. ఒక్కో దారిలో ఒక్కో రకం తనిఖీ. ముట్టుకుంటే ఏం కూలుతుందోనని అందరూ దూరం నుంచే నమస్కారం పెట్టేవారు. ఏడింటినీ ఒకటి చేస్తానని ఉద్యోగంలో చేరిన వారానికే చిట్టి గొప్పలు పోయింది. శుక్రవారంలోగా తేలకపోతే వేరే విభాగానికి మార్చేస్తామన్నారు. ఈ పనంటే ఆమెకు ప్రాణం.

ఒకటైతే చేసింది. కానీ లక్షసార్లలో ఒకసారి, సరిగ్గా ప్రోగ్రాం బయటికొచ్చే క్షణంలో దానికొచ్చిన కొత్త పని కబురు ఎవరికీ అందకుండా పోతోంది. ఎందుకో మూడు రోజులుగా అంతుచిక్కడం లేదు.

అమ్మ దగ్గర ఆ గోడంతా వెళ్ళబోసుకుంది. అర్థమైనా కాకపోయినా ఊకొట్టడం అమ్మకు అలవాటే. ఈసారి మాత్రం చొక్కా మడత మధ్యలో ఆపింది.

"మిగిలిన పనులున్నాయేమో చూసి, ఆ తర్వాత కొత్తవి రాకుండా ఆపుతున్నావా?"

"అవును."

"మరి ఆ రెండింటి మధ్యలో వస్తేనో?"

చిట్టి ఆ లైన్లు మళ్ళీ చదివింది. ముందు ఆపాలి, తర్వాత చూడాలి. రెండు లైన్లు అటూ ఇటూ మారిస్తే సరిపోతుంది. ఇల్లు నడిపేవాళ్ళకి ఇలాంటివి ఇట్టే తడతాయి కాబోలు అనుకుంది. సాయంత్రానికి కోటిసార్లు నడిపి చూస్తే ఒక్క కబురూ తప్పిపోలేదు.

మేనేజరు మెచ్చుకున్నాడు గానీ ఒప్పుకోలేదు. ఆ కోడ్ తనకే పూర్తిగా తెలియదనీ, తెలిసినవాళ్ళు ఒక్కరైనా సరేనంటే తప్ప తీసుకోలేననీ తేల్చేశాడు. ఫైలు మొదట్లో రాసినవాళ్ళ పేరు లేదు, అంకెలతో ఓ మెయిల్ చిరునామా ఉందంతే. ఏ మార్పు చేసినా దానికో కాపీ పంపడం ఆ ఆఫీసు ఆనవాయితీ. ఏనాడూ జవాబు వచ్చిన పాపాన పోలేదు. ఆయన అసలున్నాడో లేడో అని మేనేజరు పెదవి విరిచాడు. అయినా చిట్టి పంపింది.

శుక్రవారం మధ్యాహ్నం, ఆమె బల్ల సర్దుకుంటుండగా జవాబు వచ్చింది. వెంటనే తెరిచింది.

"కాన్పు సెలవుకు ముందు వారం హడావిడిగా ఏడు దారులు పెట్టాను. తిరిగొచ్చి ఒకటి చేద్దామనుకున్నాను, రాలేకపోయాను. ప్రతి లైనూ చూశాను. నాదానికన్నా బాగుంది. నిశ్చింతగా తీసుకోండి."

కింద అమ్మ పేరు ఉంది.