గది మీద ఫిర్యాదు

ఆమె పని నుంచి వచ్చేసరికి పెద్దమ్మ ఆమె బట్టలన్నీ ఉతికి, మడతపెట్టి, పెట్టె పక్కన దొంతరగా పేర్చి ఉంచింది.

"ఇవన్నీ ఇప్పుడెందుకు తీశావు పెద్దమ్మా?"

"మురికిగా ఉన్నాయి, ఉతికాను. తప్పా?" అంది పెద్దమ్మ మొహం చూడకుండా. "మీ ఆఫీసాయన వస్తున్నాడట. గది మీద ఏదో ఫిర్యాదట."

ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది.

కాళ్ళు పోయినవాళ్ళకి కృత్రిమ కాళ్ళు అమర్చే చోట జీతం లేకుండా పనిచేయడానికి ఈ పరాయి దేశం వచ్చిందామె. వీధి వీధంతా 'కాళ్ళమ్మాయి' అని పిలుస్తారు. ఆమె పెద్దమ్మా అని పిలిచే, ఒంటరిగా ఉండే ఈ ఇంటావిడ దగ్గర గది చూపించింది ఆఫీసువాళ్ళే. వచ్చిన కొత్తలో ఒక సాయంత్రం, ఎంత చేతిపంపు కొట్టినా, కాళ్ళ అచ్చులు పోసేటప్పుడు జుట్టులో పడి గడ్డకట్టిన ప్లాస్టరు వదలక, ఏడుపొచ్చి ఆఫీసుకి ఫోను చేసింది. కుళాయి లేదు, ఫ్యాను లేదు, ఇక్కడ ఉండలేను, ఇంకో గది చూడండి అంది. కుళాయి తిప్పితే నీళ్ళు రావడం కూడా ఒక సుఖమేనని సొంత ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఆమెకు తోచనే లేదు.

ఆఫీసు నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఈలోగా ఆమే ఆ సంగతి మర్చిపోయింది. మరిపించింది పెద్దమ్మే. సాయంత్రం గుమ్మం ఎక్కేసరికి బకెట్లో నీళ్ళు పొగలు కక్కుతూ ఉండేవి. పక్కనే కూర్చోవడానికి పీట. పగిలిన అరచేతులకి గోరువెచ్చని నూనె. "మీ దేశంలో కుంటివాళ్ళు కరువయ్యారా పిల్లా, ఇంత దూరం వచ్చావు?" అని వేళాకోళం. తల తుడుచుకుంటూ గడప మీద కూర్చుంటే, ఇంతకన్నా ఏం కావాలి అనిపించేది.

ఇప్పుడు ఆ ఫోను సంగతి మళ్ళీ పైకి వచ్చింది.

ఆఫీసుకి ఒక పద్ధతి ఉంది. గది మీద ఫిర్యాదు వస్తే ఇంటివాళ్ళనీ, ఉండేవాళ్ళనీ ఎదురెదురుగా కూర్చోబెట్టి ఫిర్యాదులో ఉన్నదంతా పైకి చెబుతారు. ఎవరు చేశారన్నది మాత్రం చెప్పరు. చెప్పడం దేనికి? ఉన్నది ఇద్దరు. అందులో ఒకరిది ఇల్లు.

"పెద్దమ్మా, నీకు ఒంట్లో బాగోలేదని చెప్పి పంపించేస్తాను. నువ్వు పక్కింట్లో కూర్చో."

"నా ఇంటికొచ్చిన మనిషికి నేను కనపడకుండా దాక్కోవాలా? బాగుంది." పెద్దమ్మ చీపురు అందుకుంది.

ఆఫీసాయన గొడుగు ముడుస్తూ వచ్చాడు. పాతాయన స్థానంలో కొత్తగా చేరిన కుర్రాడు. పైన రేకులు చూశాడు, పంపు కొట్టి చూశాడు, మంచం మీద చెయ్యి వేసి చూశాడు. తర్వాత కుర్చీలో కూర్చుని మొహమాటంగా గొంతు సవరించుకున్నాడు.

"జుట్టులో ప్లాస్టరు వదలాలంటే ఒక బకెట్టు నీళ్ళు ఏ మూలకీ రావడం లేదట."

ఆమె పెద్దమ్మ వైపు చూడలేకపోయింది.

"రేకుల వేడికి తడిగుడ్డ మొహాన వేసుకుని పడుకోవలసి వస్తోందట. మనిషి సగమైపోయిందట. అడిగితే ఏం లేదంటుందట గానీ, నిద్రలో ఒకటే కలవరింతలట."

ఇన్ని మాటలు తను ఎప్పుడు చెప్పింది? ఆఫీసులో ఎవరో ఉప్పూ కారం బాగా జల్లారు. ఒక్కో మాటకీ పెద్దమ్మ చేతిలో చీపురు ఆగి, మళ్ళీ కదులుతోంది.

"అదంతా ఒట్టిదే సార్. నాకిక్కడ ఏ లోటూ లేదు."

"నా మొహం చూసి చెప్పకు," అంది పెద్దమ్మ కటువుగా. "ఉన్నది చెప్పు."

"ఉన్నదే చెబుతున్నాను పెద్దమ్మా."

"తడిగుడ్డ వేసుకోవడం లేదూ?"

ఆమె తల దించుకుంది.

"గొడవెందుకండీ," అన్నాడు ఆఫీసాయన. "టౌనులో గది ఖాళీగా ఉంది. కుళాయి, ఫ్యాను, వేడినీళ్ళకి గీజరు అన్నీ ఉన్నాయి. రేపే మారిపోవచ్చు."

ఒక్క క్షణం కళ్ళు మూసుకుని ఆమె ఊహలో ఆ గీజరు నీళ్ళ కింద నిలబడింది. ధారగా వచ్చే వేడినీళ్ళు, ఎంతసేపు కావాలంటే అంతసేపు. కళ్ళు తెరిస్తే ఎదురుగా పెద్దమ్మ, లేని దుమ్ము ఊడుస్తూ.

"నేను మారను సార్. నన్ను ఇక్కడే ఉండనివ్వండి."

పెద్దమ్మ చీపురు మూలకి గిరాటేసింది. "మొండిఘటం. చెబితే వినే రకమా," అని గొణుక్కుంటూ వంటింట్లోకి వెళ్ళిపోయింది. లోపల గిన్నెలు ధడాధడా చప్పుడు చేశాయి. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది.

ఆఫీసాయన వెంట వీధి గుమ్మం దాకా పరుగులాంటి నడకతో వెళ్ళింది.

"సార్, మీకు దణ్ణం పెడతాను. ఆ ఫోను చేసింది నేనేనని ఆవిడకి ఎప్పటికీ తెలియనివ్వకండి. కొత్తలో ఏదో విసుగులో చేశాను. ఇప్పటికే అనుమానం వచ్చినట్టుంది, బట్టలన్నీ పెట్టె పక్కన పెట్టేసింది. కన్నతల్లిలా చూసుకుంటోంది సార్. తెలిస్తే తట్టుకోలేదు."

గొడుగు విప్పబోతున్నవాడల్లా ఆగాడు.

"మీరు కూడా చేశారా?"

"కూడా ఏమిటి సార్?"

"మీరు చేసింది పాతాయన రోజుల్లో అయి ఉంటుంది. నా దాకా రాలేదు."

"మరి లోపల మీరు చెప్పినవన్నీ?"

చెప్పడం పద్ధతి కాదు. అతను వెనక్కి తిరిగి వంటింటి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

"నాకు ఫోను చేసింది ఆవిడండీ."