కాటా గది కేబుల్

మళ్లీ లైను పోయింది.

లారీ కాటా మీదే ఉంది. బరువు మాత్రం ఆఫీసు కంప్యూటర్‌లోకి రాలేదు. బరువు రాకపోతే బిల్లు లేదు, బిల్లు లేకపోతే లారీ గేటు దాటదు. లోపల కొల్లేరు చెరువుల్లో పొద్దున్నే పట్టిన చేపలు, వాటి మీద ఐసు. హౌరా దాకా నిలవాల్సిన ఐసు ఏలూరులోనే నీళ్లై కారిపోతోంది.

జాషువా మళ్లీ కాటా గదిలో బల్ల కింద దూరాడు.

ఆ చేపల కంపెనీలో కంప్యూటర్లు చూసుకునేది అతనే. ఆఫీసుకీ కాటా గదికీ మధ్య కేబుల్ లాగింది కూడా అతనే. వారం నుంచి ఇదే తంతు. పూర్తిగా చచ్చిన లైనైతే ఇట్టే దొరికిపోతుంది. ఇలా పోతూ వస్తూ ఉండేదే మనిషి ప్రాణం తోడేస్తుంది. స్విచ్ మార్చాడు. కంప్యూటర్ లోపలి కార్డు మార్చాడు. వైరస్ పనేమోనని అంతా చెరిపేసి మళ్లీ ఎక్కించాడు. అతను చూస్తున్నంతసేపూ బుద్ధిగా పనిచేస్తుంది. లేచి చేతులు దులుపుకోగానే పోతుంది.

మేనేజర్ ఈశ్వరప్రసాద్ గారు నెమ్మదస్తుడు, గొంతు పెంచే మనిషి కాదు. ఆ పొద్దున మాత్రం అందరినీ నిలబెట్టి యజమాని మాటగా చెప్పారు. ఇది ఎవరి వల్ల జరుగుతోందో సాయంత్రానికల్లా తేలాలి. తేలితే వాళ్లు రేపట్నుంచి రానక్కర్లేదు. తేలకపోతే జాషువా రానక్కర్లేదు. చెప్పులరిగేలా తిరిగితే దొరికిన ఉద్యోగం అది.

నేల తుడిచే రూతమ్మ ఒక గోనెసంచి తెచ్చి అతని మోకాళ్ల దగ్గర పరిచింది.

"నేల తడిగా ఉందండి. తెల్ల చొక్కా, మరక పడితే వదలదు సార్."

జాషువా తలెత్తలేదు. ఆ ఆఫీసులో చేరిన రోజు నుంచీ ఆమె మొహం చూసిన పాపాన పోలేదు. ఆమె మాత్రం మొదటి రోజు నుంచీ సార్ అనే పిలుస్తుంది. అందరికన్నా ముందు అతని బల్ల మీదే టీ పెడుతుంది. బిల్లులు కొట్టే ఎలిజబెత్‌కి అతని తీరు చూస్తే ఒళ్లు మండేది. నాలుగు ముక్కలు చదివినంత మాత్రాన ఇంత పొగరేమిటని ఆమె బాధ.

రూతమ్మ అందరి దగ్గరా అలా మెత్తగా ఉండే మనిషేం కాదు. బురద కాళ్లతో తడి నేల తొక్కిన లారీ డ్రైవర్లని దులిపి వదిలేది. ఒకసారి ఈశ్వరప్రసాద్ గారినే గుమ్మంలో ఆపి చెప్పులు విప్పించింది. తెల్లారకముందే ఏదో బండి పట్టుకుని వచ్చేది. ఏ ఊరి నుంచి అని మూడేళ్లలో ఒక్కరూ అడగలేదు. చీపురు పట్టినవాళ్లకి ఊరెందుకనుకున్నారు కాబోలు.

మధ్యాహ్నం ఇంకో లారీ కాటా ఎక్కింది. గది నేల సన్నగా అదిరింది. సరిగ్గా అప్పుడే కేబుల్ కొసన పచ్చ లైటు ఆరిపోయింది.

జాషువా ప్లగ్గు పీకి వెలుతురులో పెట్టి చూశాడు. లోపలి సన్న తీగల్లో ఒకటి చివరిదాకా అందలేదు. నేల అదిరినప్పుడల్లా పట్టు వదిలేస్తోంది. ఆ ప్లగ్గు బిగించింది ఎవరో కాదు, అతనే. కేబుల్ లాగిన రోజు రైలుకి టైమవుతోందని హడావిడిగా బిగించేసి, సరిచూడకుండానే వెళ్లిపోయాడు.

గబగబా కొస కత్తిరించి కొత్త ప్లగ్గు బిగించాడు. పచ్చ లైటు వెలిగి నిలిచింది. లేచి చూసేసరికి గుమ్మంలో ఈశ్వరప్రసాద్ గారు, వెనకాలే ఎలిజబెత్.

"దొరికిందా బాబూ?"

"దొరికిందండి."

"ఎవరి నిర్వాకం?"

గదిలో అతను కాక ఉన్నది రూతమ్మ ఒక్కతే. బకెట్లో తడిగుడ్డ పిండుతోంది. ఏలూరు మొత్తంలో తనకి ఎదురు చెప్పని మనిషి ఎవరైనా ఉంటే అది ఆమేనని అతనికి గట్టిగా తెలుసు.

"నేల తుడిచేటప్పుడు కేబుల్ లాగేస్తున్నారండి. లోపలికి నీళ్లు కూడా వెళ్లాయి."

గొంతు కూడా వణకలేదు. ఏం పుట్టుక పుట్టాడో మహానుభావుడు.

ఇక రూతమ్మ నోటికి అడ్డుండదనుకుంది ఎలిజబెత్. రూతమ్మ జాషువాకేసి ఒక్కసారి చూసింది. తడి చేతులు కొంగుకి తుడుచుకుంది.

"అవునండి. నా చెయ్యే తగిలుంటుంది. చూసుకోలేదండి."

రేపట్నుంచి రావద్దన్నారు ఈశ్వరప్రసాద్ గారు. ఆమె బతిమాలలేదు. బకెట్ బోర్లించి, గుడ్డ దాని మీద ఆరేసి, వెనక గుమ్మంలోంచి వెళ్లిపోయింది.

ఎలిజబెత్ ఉండబట్టలేక జాషువా బల్ల దగ్గరికి వచ్చింది. "పెద్దావిడండి. ఎవరున్నారో, ఏం తింటుందో. మీరొక్క మాట చెబితే మేనేజర్ గారు వింటారండి."

నేను చేసేదేముందండీ అన్నాడు జాషువా, తెర మీంచి కళ్లు తిప్పకుండా. లారీలు ఒక్కొక్కటే తూకమై గేటు దాటిపోయాయి. ఒక్కసారి కూడా లైను పోలేదు. ఈశ్వరప్రసాద్ గారు వచ్చి భుజం తట్టి, నీలాంటివాడు మాకు ఉండాలయ్యా అని మెచ్చుకున్నారు.

సాయంత్రం పాసింజర్‌కి భీమడోలులో దిగి, ఇంటికెళ్లి, కాళ్లు కడుక్కుని పీట మీద కూర్చున్న జాషువా కంచంలో అన్నం పెడుతూ, "నీ ఉద్యోగం నిలబడినట్టేనా నాన్నా?" అని కొడుకుని అడిగింది రూతమ్మ.