పెద్ద ఫిల్ము

ఆగిరిపల్లి నుంచి మామిడికాయల లారీల వెనకే సైకిలు తొక్కుకుంటూ నూజివీడు వచ్చి, భానుమూర్తి ఫోటో స్టూడియో మెట్లెక్కాను.

"మా ఆవిడ కాత్యాయనికి ఫోటో తియ్యాలి. మొహం బాగా కనపడాలి," అన్నాను.

భానుమూర్తి నవ్వాడు. "పంతులుగారూ, మీరేనా? పోయిన శ్రీరామనవమి పందిట్లో గీత చెబుతూ, దేహం విడిచేసే బట్ట, దానికి ఫోటోలేంట్రా మూర్ఖుల్లారా అని నా వంకే చూసి కేకలేశారుగా!"

"వేశాను."

"అమ్మగారు ఎన్నేళ్ళనుంచో అడుగుతున్నారండీ. ఇప్పటికి కరుణించారు."

చెమట తుడుచుకుందామని భుజం తడుముకున్నాను. కండువా లేదు.

అతను రెండు నెగటివులు నా అరచేతిలో పెట్టాడు. ఒకటి తపాలా బిళ్ళంత, రెండోది దానికి మూడింతల పైనే.

"చిన్నది కొత్త ఎస్సెల్లార్ కెమెరాదండీ. పరిగెత్తే లేగదూడనైనా పట్టేస్తుంది. కానీ గోడకి పెట్టేంత పెద్దది చేస్తే మొహం మీద ఇసక చల్లినట్టుంటుంది. పెద్ద ఫిల్ముకి ఆ బాధ లేదు, కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు. కాకపోతే ఆ పాత కెమెరాకి, మీ ఇంట్లో వెలుతురుకి, సెకను సేపు అస్సలు కదలకూడదు. అమ్మగారేమో ఒక్కచోట కుదురుగా ఉండరాయె. ఏది తెమ్మంటారు?"

"పెద్ద ఫిల్మే తీసుకురా."

"కదిలితే మళ్ళీ నన్ను తిడతారు."

"కదలదు. పొద్దున్న పోయింది. కుర్చీలో కూర్చోబెట్టి, జారిపోకుండా నా కండువాతో కట్టి వచ్చాను."