పొడుగు ఈల

మార్చి తొమ్మిదో తారీఖు సాయంత్రం తిన్న రాగిసంగటి, వంకాయ పులుసు వీరరాఘవకు ఇంకా గుర్తే. అవి తన సందులోనే ఉండే సెల్లమ్మ పెట్టినవి. పొద్దున తిరువళ్లూరికి చూడ్డానికి వచ్చి ఆ మాట చెబితే కూతురు ఉష తల పట్టుకుంది.

"ఆ సంగటి కోసం ఇప్పుడు పొదటూరుపేటకు పోతానంటావా నాయనా? ఇక్కడే ఉండిపో. నీకని గదికి సున్నం కూడా కొట్టించినాము."

"సంగటి కోసం కాదు పాపా, ఈల కోసం."

"మూతపడిన క్వారీలో ఈలేంది? తిరువళ్లూరంతా నవ్వుతుంది."

"తిరువళ్లూరికి వినబడదులే," అంటూ వీరరాఘవ చొక్కా జేబు తడుముకున్నాడు. ఇత్తడి ఈల ఉంది. ఉష ఇంకో మాట అనేలోగా బస్సుకు బయలుదేరాడు.

క్వారీలో తూటాలు పేల్చడమే జీవితమంతా అతని పని. రాతి బెజ్జాల్లో తూటాలు కూరి, మూడు పొట్టి ఈలలతో అందర్నీ దూరం పంపి, పేల్చేవాడు. పొగ తేరాక ఒక్కడే లోపలికి వెళ్లి, పేలని తూటా ఏదైనా మిగిలిందేమో వెతికేవాడు. ఏమీ లేదని తేలితేనే ఒక పొడుగు ఈల. అది వినకుండా ఎవరూ లోపల అడుగు పెట్టకూడదు.

ఒకరోజు క్వారీ కూలీ మునెయ్య పెట్టాడు. అన్నం క్యారియరు మరిచిపోయానని వెళ్లాడు, తిరిగి రాలేదు. అతని భార్యే సెల్లమ్మ. ఆ తర్వాత కొడుకు మహేంద్ర అదే క్వారీలో పనిచేసినన్నాళ్లూ, పొడుగు ఈల వినందే ఆమె వాకిలి తలుపు మూసేది కాదు.

దీపావళికి క్వారీ మూతపడింది. మహేంద్ర శ్రీపెరుంబుదూరులో కంపెనీ పనికి చేరాడు. వానలకు గుంత నిండా నీళ్లు చేరాయి. సంక్రాంతి దాటాక వీరరాఘవ భార్య దేవకి పోయింది.

మార్చి తొమ్మిదిన, పొద్దు గూకే వేళ, అతను ఆ గుంత అంచున చెప్పులు విప్పి నిలబడ్డాడు. ఎందుకన్నది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. వెనకనుంచి సెల్లమ్మ గొంతు వినబడింది.

"ఏం రాఘవా, ఇంకా ఈల ఊదలేదే? నేను తలుపెట్ల మూసేది?"

వీరరాఘవ తెల్లబోయాడు. ముసలామెకు ఉన్నట్టుండి మతి తప్పిందనుకున్నాడు. క్వారీ లేదక్కా అనడానికి నోరు రాలేదు. జేబులోంచి ఈల తీసి ఊదాడు.

"శరి, చెప్పులేసుకో. రాళ్లు గుచ్చుకుంటాయి. సంగటి చేసినాను, రా," అందామె.

మర్నాడూ ఆమె గడపలోనే కూర్చుని ఉంది. ఆ మర్నాడూ అంతే. తను ఊదకపోతే మునెయ్యను వెతుక్కుంటూ ఎక్కడ గుంతలోకి దిగిపోతుందోనని అతని భయం. అందుకే ఒక్క సాయంత్రం కూడా తప్పలేదు.

"ఈ మధ్య తూటా చప్పుడే లేదేమి?" అని ఒకసారి అడిగింది.

"కొత్త రకం మందక్కా. చప్పుడు రాదు."

"మంచిదేలే, కోళ్లు బెదరవు."

చిత్రమేమంటే తక్కినవన్నీ ఆమెకు గుర్తే. ఉషకు ఎన్నో నెలో, అతను బీపీ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో, అన్నీ. పాపం, ఆ ఒక్క సంగతే మరిచిపోయింది అనుకునేవాడు.

తిరుత్తణి దగ్గర బస్సు నిలిచిపోయింది. ఆ రోజు కృత్తిక, కొండమీది మురుగన్‌కు మొక్కులు తీర్చే రోజు. రోడ్డంతా కావళ్లు.

"ఎంతసేపు తంబీ?" అని కండక్టరును అడిగాడు.

"మురుగన్ని అడుగు తాతా. జనమంతా ఆయన జనమే."

కిటికీలో వెలుతురు తగ్గుతోంది. వీరరాఘవ దిగి, జనాన్ని తోసుకుంటూ నడిచి, అవతల ఆటో ఎక్కాడు. దారి పొడుగునా ఆటో అబ్బాయిని తొందరపెడుతూనే ఉన్నాడు.

ఊరి మలుపులో సెల్లమ్మ కోడలు విద్యాలక్ష్మి ఎదురొచ్చింది.

"వచ్చినావా మామా! అత్త టార్చి ఎత్తుకొని గుంతదాకా రెండుమాట్లు పోయొచ్చింది. ఎంత చెప్పినా వినలా."

 అనుకున్నంతా అయ్యేదే. క్వారీ గేటు దగ్గరకు పరుగెత్తి ఈల ఊదాడు. ఊపిరి అందక మధ్యలో తెగింది. ఆగి, గుండెల నిండా గాలి తీసుకుని, మళ్లీ పొడుగ్గా ఊదాడు.

అతను ఇంటి ముందుకు వచ్చేసరికి గడపలో సెల్లమ్మ లేచి నిలబడింది. "ఏంది రాఘవా, ఇంత ఆలస్యం?"

"ఈ పొద్దు బెజ్జాలు ఎక్కువక్కా. అన్నీ చూసి రావాల గదా."

"అందరూ బయటికి వచ్చేసినారా?"

"వచ్చేసినారు. లోపల ఎవురూ లేరు."

ఆమె ఊపిరి వదిలింది. "మాత్ర వేసుకున్న్యావా?"

"ఇంటికి పోయి వేసుకుంటా."

"ఉషమ్మ వాళ్లింటికి వచ్చి ఉండిపొమ్మనిందంటనే. పోతావా?"

"యాడికి పోతానక్కా? నేను పోతే నీ తలుపు ఎవురు మూయిస్తారు?"

"అదీ నిజమే," అని ఆమె నవ్వింది. "రేపు వంకాయ పులుసు చేస్తాను. పెందలకాడే రా."

వీరరాఘవ సందు చివరి తన ఇంటికి నడిచాడు. కాళ్లు నొప్పిగా ఉన్నా మనసు తేలికగా ఉంది. ఈ వయసులో తన కోసం కాకపోయినా, తన ఈల కోసం కాచుకునే మనిషి ఒకరుండడం కూడా ఒక అదృష్టమే అనుకున్నాడు.

అతని ఇంట్లో లైటు వెలిగేదాకా సెల్లమ్మ గడపలోనే నిలబడి చూసింది.

"ఇంకెన్నాళ్లత్తా ఇట్ల?" అంది విద్యాలక్ష్మి.

"క్వారీ మూసినారని నాకు తెలుసని ఆయప్పకు ఎప్పుడూ చెప్పబాకే," అని, సెల్లమ్మ చప్పుడు కాకుండా తలుపు మూసింది.