రెండో పుంజు

ఆ తెల్లవారుజామున ఇంగ్రిడ్ కిటికీ కింద రెండు పుంజులు కూశాయి. నిన్నటిదాకా ఒకటే ఉండేది.

నార్వే నుంచి ఈపూరు వచ్చిన ఈ మిషనరీ, ఏ ఇబ్బంది ఎదురైనా దేవుడికి కృతజ్ఞత చెప్పాలని నియమం పెట్టుకుంది. అదీ తెలుగులో, గట్టిగా. "ప్రభువా, నిద్ర లేపే పుంజునిచ్చావు, స్తోత్రం. కళ్లలో నీళ్లు తెప్పించే గోంగూర పచ్చడినిచ్చావు, స్తోత్రం."

పక్కింటి వెంకమ్మ గోడ అవతల నుంచి రోజూ వింటోంది.

ఇంగ్రిడ్ ఉండబట్టలేక గోడ దగ్గరికెళ్లి అడిగేసింది. "పిన్నీ, రెండో పుంజెందుకు?"

"నువ్వంత మెచ్చుకుంటుంటే తేనా ఏంది? పచ్చడి కూడా జాడీ నిండా పెట్టా. అయినా పుంజు నాది, పచ్చడి నాది, దండాలేమో ఆయనకా?"

ఇంగ్రిడ్‌కు సిగ్గేసింది, నవ్వూ వచ్చింది. ఆ సాయంత్రం మొదటిసారి మనస్ఫూర్తిగా ప్రార్థించింది. "ప్రభువా, నాకు వెంకమ్మ పిన్నినిచ్చావు, స్తోత్రం."

కాసేపటికి తలుపు చప్పుడైంది. గుమ్మంలో వెంకమ్మ నిలబడి ఉంది, నెత్తిన నులకమంచం, చంకలో దిండు.

"జరుగమ్మాయ్. ఇచ్చాడన్నావుగా, వచ్చా. నా గురకకి కూడా ఇప్పుడే ఓ దండం పెట్టెయ్."

ఇంగ్రిడ్ కళ్లు మూసుకుంది. ఈసారి ప్రార్థన నార్వే భాషలో, పెదవులు కదలకుండా సాగింది.